తాకలేదట

ఎనిమిదేళ్ళుగా ఒక మాటను మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. పెద్ద మాట కూడా కాదు, మూడక్షరాలు. చెప్పాల్సిన చోట చెప్పలేదు. అందువల్ల ఒక మనిషి మాటకు విలువ పోయింది, అతని చేతివేలు వంకరపోయింది. ఇదంతా ఒక ఆటలో జరిగింది. ఆటే కదా అంటారు మీరు. నేనూ ఇన్నేళ్ళు అదే అనుకుని సర్దుకోవాలని చూశాను. సర్దుకోలేకపోయాను. డ్యూటీలో కాగితం మీద పెన్ను పెట్టినప్పుడు, మెస్‌లో అన్నం కలుపుతున్నప్పుడు అది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది. పక్కవాడు ఏమైందని అడుగుతాడు. ఏం లేదంటాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళతో చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, తిన్నావా అని అడిగాను. మీ దిక్కు వానలు పడ్డాయా అని అడిగాను.

నేను బహ్రెయిన్‌లో ఉంటాను, అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో. నా పని టైం కీపర్. ఎవరు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు, ఎవరు రాలేదు అని రాసి ఆఫీసుకు పంపాలి. ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఆ పని దొరికింది. నేను రాసిందే రాత. ఎండలో పొద్దంతా నిలబడ్డవాడు కూడా నా కాగితంలో లేకపోతే ఆ రోజు సైటులో లేనట్టే లెక్క. అందుకే మనవాళ్ళు నాతో జాగ్రత్తగా మాట్లాడతారు, నేనూ జాగ్రత్తగా రాస్తాను. తప్పు రాయడని నాకు పేరు. ఈ పేరు సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా అబద్ధం నిలబడింది దాని బలం మీదే.

అప్పుడు మా సైటు మేనేజరు ఆస్ట్రేలియా మనిషి. గ్లెన్ సారు అనేవాళ్ళం. యాభై దాటినవాడు, ఒక మోకాలు సరిగా లేదు, అయినా ఆట పిచ్చి. వాళ్ళ దేశంలో ఒక రకం ఫుట్‌బాల్ ఉంది. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, ఎదుటివాడి భుజాల మీదికి ఎగరొచ్చు. మొదటిసారి చూసినప్పుడు ఇది ఆటో కొట్లాటో నాకు అర్థం కాలేదు. ఆయన ఆఫీసు వాళ్ళతో ఒక జట్టు కట్టాడు. ఎదురాడటానికి ఎవరూ దొరకలేదు. క్యాంపు వెనక ఇసుకలో శుక్రవారం శుక్రవారం కబడ్డీ ఆడే మన తెలంగాణ వాళ్ళు ఆయన కంట్లో పడ్డారు. పట్టుకోవడం, విడిపించుకోవడం వీళ్ళకు ఒకరు నేర్పాలా? రెండు నెలలు తిరిగేసరికి ఆఫీసు జట్టుకు చుక్కలు చూపించారు.

నియమాలు కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

గోలు దగ్గర నాలుగు స్తంభాలుంటాయి. నడుమ రెండు పొడవువి, అటొకటి ఇటొకటి పొట్టివి. వల ఉండదు. కాలితో తన్నిన బంతి ఎవరి చెయ్యీ తాకకుండా నడిమి స్తంభాల మధ్య నుంచి పోతే గోలు, ఆరు పాయింట్లు. మధ్యలో ఎవరి వేలైనా తాకితే, ఎంత కొంచెం తాకినా సరే, ఒక్కటే పాయింటు. ఆ తాకడాన్ని కనిపెట్టడానికే గోలు వెనక ఒక అంపైరు నిలబడతాడు. అతనికి తెల్ల కోటు, రెండు తెల్ల జెండాలు ఇస్తారు. గోలైతే రెండు జెండాలూ ఊపాలి. ఒక పాయింటైతే ఒకటే.

మా వైపు గోలు దగ్గర ఆ అంపైరును నేను. ఎప్పుడూ తప్పు రాయని మనిషి కదా అని గ్లెన్ సారే పెట్టాడు. కోటు గుదైబియా బజారులో కుట్టించాం. దర్జీ అది డాక్టరు కోటు అనుకుని జేబులో పెన్నుకు వేరే అర కూడా కుట్టాడు. క్యాంపులో నన్ను కొన్నాళ్ళు డాక్టర్ సాబ్ అని ఏడిపించారు. నాకు లోపల సంతోషంగానే ఉండేది.

ఇక చివరి సైరన్ సంగతి. అది మోగితే ఆట అయిపోయినట్టే. కానీ అందులో ఒక మెలిక ఉంది. సైరన్ మోగక ముందే ఎవరైనా బంతిని గాల్లో ఒడిసిపట్టుకుని ఉంటే, మోగిన తర్వాత కూడా అతను ఒక్కసారి తన్నొచ్చు. ఆ ఒక్క తన్ను లెక్కలోకి వస్తుంది. ఎదుటివాళ్ళు గోలు గీత మీద నిలబడి దాన్ని ఆపాలని చూడొచ్చు. వాళ్ళ వేలు తగిలిందా, అది గోలు కాదు, ఒక్కటే పాయింటు. సైరన్‌కు ముందు తాకినా తరవాత తాకినా తాకడం తాకడమే.

ఈ మెలికను మనవాళ్ళకు నేర్పింది నేనే. మెస్‌లో కూర్చోబెట్టి, చాయ్ గ్లాసులు నాలుగు స్తంభాలుగా పెట్టి, ఖర్జూరం గింజను బంతి చేసి చూపించాను. అందరూ తలలూపారు. ఒక్కడు మాత్రం గింజను చేత్తో తీసుకుని మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పించుకున్నాడు. అతను భూమేష్.

భూమేష్ స్కఫోల్డర్. పైపులు కట్టుకుంటూ, ఆ కట్టిన పైపుల మీదే నిలబడి ఇంకా పైకి కట్టే పని. మా ఆటకు స్తంభాలు కూడా అతనే స్కఫోల్డింగ్ పైపులతో నిలబెట్టాడు. వాళ్ళ ఊరికీ మా ఊరికీ నడుమ ఒక వాగు అడ్డం, అంతే. ఆఫీసులో చెప్పి అతన్ని ఇక్కడికి రప్పించింది కూడా నేనే. కబడ్డీలో అతనికి ఒక అలవాటుండేది. ఎవరైనా తనను తాకితే, తాకినవాడికే తెలియకపోయినా, చెయ్యెత్తి తనే బయటికి నడిచేవాడు. సొంత జట్టువాళ్ళు నెత్తి కొట్టుకునేవాళ్ళు. "తాకింది గదరా, ఏం జెయ్యమంటవ్" అనేవాడు.

ఆ శుక్రవారం ఆట జింజ్ వైపు ఒక స్కూలు మైదానంలో పెట్టారు. చలికాలం, మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. గ్లెన్ సారుకు బహ్రెయిన్‌లో అది చివరి ఆట, ఆ నెలాఖరుకు ఆయన బదిలీ మీద పోతున్నాడు. ఆఫీసు వాళ్ళ ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు, పిల్లలు కూడా వచ్చారు. ఆట చివరికి వచ్చేసరికి మా క్యాంపు జట్టుకు ముప్ఫై నాలుగు, వాళ్ళకు ముప్ఫై ఒకటి. అప్పుడు నా గోలుకు ఎదురుగా, నలభై అడుగుల దూరంలో, గ్లెన్ సారు బంతిని గాల్లో పట్టుకున్నాడు. ఆయన కాళ్ళు నేలకు ఆనాయో లేదో, సైరన్ మోగింది.

ఆ సైరన్ గురించి కూడా చెప్పాలి. అది మా సైటులో సేఫ్టీ వాళ్ళు వాడేదే, చేత్తో తిప్పేది. సైటులో అది మోగిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేయాలి. పరుగెత్తకూడదు, వెనక్కి చూడకూడదు, నడుచుకుంటూ పోయి ఒకచోట వరసలో నిలబడాలి. నెలనెలా ప్రాక్టీసు చేయిస్తారు. వెనకబడ్డవాడికి వార్నింగ్ లెటర్. ఆ చప్పుడు మనవాళ్ళ కాళ్ళలోకి దిగిపోయింది. సైరన్ మోగగానే మా జట్టు ఏం చేసిందో తెలుసా? నడవడం మొదలుపెట్టింది. నేను చాయ్ గ్లాసులతో చెప్పిందంతా గాలికి పోయింది. బుద్ధిగా, తలలు వంచుకుని, బస్సు దగ్గరికి పోయి వరసగా నిలబడ్డారు. ఒకాయన అలవాటుగా తలలు లెక్కపెట్టడం కూడా మొదలుపెట్టాడు. ఆఫీసు వాళ్ళు పడీపడీ నవ్వారు.

గోలు గీత మీద భూమేష్ ఒక్కడే మిగిలాడు. "ఓరి, యాడికి వోతుర్రు, ఇంక అయిపోలేదురా" అని అరిచాడు. ఎవరూ తిరిగి చూడలేదు. అప్పుడు నా వైపు తిరిగాడు. తాకితే ఒకటే కదా అన్నట్టు చూపుడు వేలు పైకెత్తి చూపించాడు. నేను తలూపాను. ఒకటే.

చూశారా, నేను తలూపాను. ఇది మరిచిపోకండి. నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నం చేశాను.

గ్లెన్ సారు నాలుగడుగులు వెనక్కి పోయి, కుంటుతూ వచ్చి తన్నాడు. బంతి కొంచెం తక్కువ ఎత్తులో, తనలో తాను బొంగరంలా తిరుగుతూ వచ్చింది. భూమేష్ ఎగిరాడు. మనిషి అంత పైకి లేస్తాడని నేను అనుకోలేదు. కుడిచేతి చూపుడు వేలు బంతికి తగిలింది. టక్కుమని చప్పుడైంది. వేలు వెనక్కి విరిగినట్టు వంగింది. బంతి తిరుగుడు మారి, అడ్డదిడ్డంగా ఊగుతూ స్తంభాల మధ్య నుంచి వచ్చి నా పక్కన పడింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఎండ నా వీపు వెనక ఉంది, కళ్ళలో పడలేదు. నేను చూశాను. విన్నాను.

నా చేతులు రెండు జెండాలూ తీశాయి.

ఇలా రాస్తే చేతులదే తప్పన్నట్టు ఉంది. చేతులకేం తెలుసు? నేను తీశాను. రెండూ తీసి, తల మీదుగా అటూ ఇటూ ఊపాను.

మైదానం దద్దరిల్లింది. ఆఫీసు వాళ్ళు గ్లెన్ సారును భుజాల మీదికి ఎత్తుకోబోయారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. భూమేష్ వేలు పట్టుకుని కింద మోకాళ్ళ మీద ఉన్నాడు. లేచి మైదానంలో ఉండే పెద్ద అంపైరు దగ్గరికి పోయి, వచ్చీరాని ఇంగ్లిషులో టచ్, టచ్ అన్నాడు. ఆయన ఒక టీచరు, నెమ్మదస్తుడు. అందరినీ ఆగమని చెయ్యి చూపించి నా దగ్గరికి నడిచి వచ్చాడు. తాకిందా అని ఇంగ్లిషులో అడిగాడు. మర్యాదగానే అడిగాడు. గ్లెన్ సారు కూడా వెనకాలే వచ్చి, సరిగ్గా చూశావా, చూసింది చెప్పు, పరవాలేదు అన్నాడు. వినండి, ఆయన పరవాలేదన్నాడు. నేను ఒక జెండా ఎత్తి ఉంటే ఆ మనిషి పకపకా నవ్వి, భూమేష్ వీపు తట్టి, ఇంటికి పోయేవాడు. ఎవరూ నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఎవరూ బెదిరించలేదు. ఈ ఒక్క సాకు కూడా నాకు లేదు.

భూమేష్ నాతో తెలుగులో అన్నాడు.

"అన్నా, తాకింది. నువ్వు జూసినవ్ గదా. జెర జెప్పరాదే."

నేను ఇంగ్లిషులో అన్నాను.

"నో టచ్. ఖలాస్."

ఖలాస్. ఇక్కడ పని అయిపోయినా అంటాం, సామాను అయిపోయినా అంటాం, మనిషి పోయినా అంటాం. భూమేష్ నా మొహంలోకి చూశాడు. "నాతోని తెలుగుల మాట్లాడే" అన్నాడు. అంతే. కోపం కూడా కనబడలేదు. నేను జెండాలు చుట్టడం మొదలుపెట్టాను.

వాగుకు అవతలి ఒడ్డు మనిషితో నేను ఇంగ్లిషులో ఎందుకు మాట్లాడాను? చాలాసార్లు అడిగి చూసుకున్నాను. ఆ మాట తెలుగులో రాలేదు. తాకలేదు అని అతని ఎదుట నిలబడి మన భాషలో అనబోతే నోరు తిరగలేదు. పరాయి మాటలు అడ్డం పెట్టుకుంటే అవి అన్నది నేను కాదనిపించింది కాబోలు.

ఎందుకు చేశాను? అసలు సంగతి ఇది. ఇన్నేళ్ళలో నాకు నేను చెప్పుకున్న కారణాలు ఒకటా రెండా.

మొదట్లో, సైరన్ తరవాత తాకితే లెక్కలోకి రాదేమో అనుకున్నాను అని చెప్పుకున్నాను. సైరన్ మోగితే అందరూ ఆగిపోవాలి కదా, ఆగిపోయినవాడి వేలు తాకితే ఏంటి, తాకకపోతే ఏంటి, అని. కొత్త ఆట, కొత్త నియమం, పొరపాటు పడ్డాను. ఇది బాగుండేది. ఒక ఏడాది దీని మీదే బతికాను. కానీ చాయ్ గ్లాసులు పెట్టి నేర్పినవాణ్ణి నేనే. తలూపినవాణ్ణి నేనే. ఈ సాకు నిలబడదు.

తరవాత, గ్లెన్ సారు చివరి ఆట కదా, పెద్దాయన సంతోషంగా పోవాలనుకున్నాను అని చెప్పుకున్నాను. ఇందులో పావువంతు నిజం ఉంది. పావు కూడా ఎక్కువేమో.

మిగతా నిజం ఇంత చిన్నది కాబట్టే చెప్పడానికి ఇంత సిగ్గు. నాకు భూమేష్ మీద కడుపుమంట.

అతను వచ్చి ఎనిమిది నెలలైంది. నేను వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. గ్లెన్ సారు నన్ను టైం కీపర్ అనే పిలిచేవాడు. భూమేష్‌ను రెండో వారానికే పేరు పెట్టి పిలిచాడు, ఆ పేరు కూడా కుదించి బూమ్ అని ముద్దు చేశాడు. ఆట ముందురోజు ఒక కాగితం నా చేతికి వచ్చింది. దుబాయిలో ఏదో పోటీ, మన సైటు నుంచి పోయేవాళ్ళ పేర్లు. ఆఫీసు వాళ్ళతో పాటు క్యాంపు నుంచి ఒక్క పేరు, భూమేష్. ఆ రోజులకు డ్యూటీ మినహాయించి రాయమని నాకు పంపారు. మీకు తెలుసో లేదో, మా ఊళ్ళో వాళ్ళ లెక్కలో గల్ఫ్ అంతా దుబాయే. నేను తొమ్మిదేళ్ళుగా దుబాయిలో ఉన్నట్టే మా ఊరంతా అనుకునేది. ఆ దుబాయిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. నేను రప్పించినవాడు ఎనిమిది నెలలకే చూడబోతున్నాడు.

అందుకని రెండు జెండాలు తీశానా? ముందే అనుకుని తీశానా? లేదు, ప్రమాణంగా లేదు. కానీ బంతి వేలికి తాకిన ఆ క్షణంలో, ఒక జెండా ఎత్తితే మైదానమంతా చూసేది భూమేష్‌ను అని నాకు తెలుసు. రెండు ఎత్తితే నన్ను చూస్తారు. అంతమంది ఒకేసారి నా చేతుల వైపు చూడటం నా బతుకులో అదొక్కసారే. ఇంత నీచమైన కారణం కోసం మనిషి అబద్ధమాడతాడా అంటే, ఆడతాడు. నేను ఆడాను.

అక్కడితో ఆగినా బాగుండేది. స్కోరు రాసి ఆఫీసుకు ఇచ్చే ఆట కాగితంలో చివరి తన్ను ఎదుట నేను నా చేత్తో తాకలేదు అని రాసి సంతకం పెట్టాను. మరునాడు పొద్దున్నే భూమేష్ వేలు వంకాయలా వాచి ఉంది. సైటు క్లినిక్‌కు పోయాడు. ఎట్లా తగిలిందని అక్కడ అడిగారు. నిన్న ఆటలో బంతి తాకిందని చెప్పాడు. కంపెనీ పెట్టిన ఆటలో తగిలిన దెబ్బైతే ఆసుపత్రికి పంపి, ఎక్స్‌రే తీసి, నయమయ్యేదాకా సెలవివ్వాలి. క్యాంపులో కొట్లాడుకుని తగిలించుకుంటే మందలింపు. వాళ్ళు ఆఫీసు నుంచి ఆ ఆట కాగితం తెప్పించి చూశారు. తాకలేదని ఉంది. నాకు ఫోను చేశారు. బంతి ఇతని చేతికి తాకిందా భాయ్, అని హిందీలో అడిగారు.

అప్పుడు నా చుట్టూ జనం లేరు, చప్పట్లు లేవు. రేకుల గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఔనంటే నేను రాసింది తప్పని తేలుతుంది. తప్పు రాయనివాడినన్న పేరు పోతుంది. నహీ భాయ్ అన్నాను. ఫోను పెట్టేశాను. తరవాత ఆ రోజు హాజరు అంతా పొరపాటు లేకుండా రాశాను.

ముందురోజు దానికన్నా ఇదే పెద్ద తప్పని ఇప్పుడు నా లెక్క. మైదానంలో చేసింది ఒక్క క్షణంలో జరిగింది. ఇది ఆలోచించి చేసింది.

వేలికి పట్టీ చుట్టి పంపారు. అది విరిగిందని ఎవరికీ తెలియలేదు, ఎక్స్‌రే తీస్తే కదా. పైపులు పట్టుకోలేకపోయాడు. పైనుంచి దింపి ఊడ్చే గ్యాంగులో వేశారు. దుబాయి లిస్టులో అతని పేరు కొట్టేశారు. కొట్టేసిన కాగితం కూడా నా దగ్గరికే వచ్చింది. వేలు నడిమి కణుపు దగ్గర పక్కకు వంగి అట్లాగే అతుక్కుంది.

క్యాంపులో అది ఒక వేళాకోళమైంది. భూమేష్ ఏం చెప్పినా "తాకిందా?" అనేవాళ్ళు. నల్లాలో నీళ్ళు రావట్లేదురా అంటే, "తాకిందా?" అని నవ్వు. బస్సు వచ్చిందిరా అంటే, తాకిందా. మొదట అతనూ నవ్వేవాడు. తరవాత మాట్లాడటం తగ్గించాడు. ఒకసారి పైన పైపులను బిగించే ఒక క్లాంపు వదులుగా ఉందని కిందినుంచి చూసి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. మరునాడు అది ఊడి కింద పడింది. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. ఆ రోజు కూడా ఎవరూ అతనితో, నువ్వు నిజమే చెప్పినవ్ అనలేదు. నేనూ అనలేదు. కబడ్డీలో తనంతట తను చెయ్యెత్తి బయటికి పోయేవాణ్ణి అబద్ధాలకోరును చేసి కూర్చోబెట్టాను. నన్ను మాత్రం అందరూ ఇంకా నమ్ముతూనే ఉన్నారు. ఇప్పటికీ ఆటలకు గోలు అంపైరుగా నన్నే పిలుస్తారు. పోతున్నాను కూడా. ఎవరి వేలైనా తాకిందేమోనని రెప్ప వేయకుండా చూస్తాను, అనుమానం వచ్చినా ఒకటే జెండా ఎత్తుతాను. అట్లా చేస్తే ఏదో తీరుతుందనుకున్నాను. ఏమీ తీరలేదు.

కాంట్రాక్టు అయిపోయాక భూమేష్ ఇంటికి పోయాడు. మళ్ళీ రాలేదు. ఊళ్ళో టెంట్‌హౌజ్ పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పైపులు పాతి పందిళ్ళు వేస్తాడు. ఏడాదికి రెండు మూడుసార్లు ఫోను చేస్తాడు. ఆ ఆట మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఎత్తలేదు.

పోయిన నెల చేశాడు. ఆ మాట ఈ మాట అయ్యాక, తన కూతురు వేలు వంకర ఎందుకుందని అడిగిందని నవ్వుతూ చెప్పాడు. ఏం చెప్పావని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"ఏం జెప్త అన్నా. దుబాయిల బాల్ ఆడంగ, నా ఏలుకు తాకిందనుకున్న బిడ్డా, తాకలేదట అని జెప్పిన. నువ్వు గంత దగ్గర్నించి జూసినవ్, నువ్వెందుకు అబద్దమాడ్తవ్? నాకే గట్ల అనిపించిందేమో. ఏలు గుంజకు తాకిందేమో."

నేను ఊఁ అన్నాను.

ఇదే నన్ను కూర్చోనివ్వడం లేదు. అప్పటినుంచి నాకు ఒకచోట నిలకడ లేదు. అట. తాకలేదట. ఎవరో చెప్పగా విన్న సంగతికి కదా మనం అట అంటాం. ఊళ్ళో వానొచ్చిందట. వాళ్ళకు కొడుకు పుట్టాడట. మన వేలికి తగిలిన దెబ్బను మనం అట అని చెప్పుకుంటామా? తన చేతికి ఏం జరిగిందో అతను ఇప్పుడు నన్ను అడిగి తెలుసుకున్నట్టు చెబుతున్నాడు. నేను అతని సెలవు పోగొట్టాను, ప్రయాణం పోగొట్టాను, క్యాంపులో మాట పోగొట్టాను, ఇవన్నీ నాకు తెలుసు. అతనికి తెలిసిన దాన్ని కూడా అతని దగ్గర లేకుండా చేశానని పోయిన నెల దాకా తెలియదు. అతను నన్ను తిట్టుకుంటూ ఉంటాడని ఎనిమిదేళ్ళు భయపడ్డాను. తిట్టుకుని ఉంటే ఎంత బాగుండేది.

అతనికి ఎందుకు చెప్పవు, మాకెందుకు చెబుతున్నావు అని మీరు అడుగుతారు. అడగాలి. ఆ ఫోను తరవాత నాలుగుసార్లు అతని నంబరు నొక్కాను. రెండుసార్లు రింగు అవకముందే ఆపేశాను. ఒకసారి అతని భార్య ఎత్తింది, పిల్లలు బాగున్నారా అని అడిగి పెట్టేశాను. ఒకసారి అతనే ఎత్తాడు. పందిరి వేస్తున్నాడట, వెనక పైపుల చప్పుడు. ఏందే అన్నా, అన్నాడు. ఏం లేదు, ఊరికే చేసిన, అన్నాను. నోటితో అబద్ధం చెప్పడానికి అరక్షణం పట్టింది. నిజానికి ఎనిమిదేళ్ళు చాలలేదు. రాస్తే వస్తుందేమోనని రాస్తున్నాను. రాయడం నా పనే కదా.

అతను క్షమిస్తాడని నాకు ఆశ లేదు. క్షమించమని అడిగే ముందు అసలు ఏం జరిగిందో చెప్పాలి, అక్కడికే నేను ఇంకా పోలేదు. మీరు నన్ను ఏమీ అనకపోయినా పరవాలేదు, అన్నా పరవాలేదు. ఈ కాగితం అతనికి పంపుతానా? తెలియదు. పంపుతానని ఇప్పుడు మాటిస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు. ఒక్కటి మాత్రం చేయగలను. టైం కీపర్‌గా నేను రాసిన దాంట్లో తప్పుంటే దాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. కొట్టేసింది కూడా కనబడాలి, అది పద్ధతి.

గ్లెన్ సారు చివరి తన్ను: గోలు కాదు, ఒక పాయింటు. ఆఫీసు జట్టు ముప్ఫై రెండు. క్యాంపు జట్టు ముప్ఫై నాలుగు. క్యాంపు గెలిచింది. బంతి భూమేష్ కుడిచేతి చూపుడు వేలికి తాకింది.

తాకింది. నేను చూశాను.